లోపం చెప్పి అమ్మిన కారు

జుమా నమాజు అయిపోయింది. జనగామలో ఒక మసీదు గేటు బయట చెప్పులు తొడుక్కుంటున్నవారి చూపంతా రోడ్డు వార నిలిపి ఉన్న ఎర్రకారు మీద పడింది. వెనక అద్దానికి తెల్లకాగితం అంటించి ఉంది. 'కారు అమ్మబడును' అని, కింద ఫోను నంబరు. "ఎంతకిస్తాడట?" అన్నాడొకాయన. "కుర్రాడు తొక్కిన బండి భాయ్, దాంట్లో ఇంక మిగిలేదేముంది?" అన్నాడు ఇంకొకాయన.

ఈ దృశ్యం జనగామకే పరిమితం కాదు. మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో కూడా ఇవాళ ఏ వీధికి వెళ్ళినా ఇటువంటి కాగితం అంటించిన కారు ఒకటి కనిపిస్తుంది. ఒకప్పుడు మన ఇళ్ళలో అమ్మకానికి వచ్చే వాహనమంటే పాత స్కూటరు, మహా అయితే అంబాసిడరు. హైదరాబాదులో ఉద్యోగాలు వచ్చాక మన పిల్లలు ముచ్చటపడి వేగం గల చిన్న కార్లు కొన్నారు. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ, 2017లో వచ్చిన బాలెనో ఆర్ఎస్, 2021లో వచ్చిన ఐ20 ఎన్ లైన్ ఈ కోవలోవే. అప్పుడు బ్రహ్మచారులు. ఇప్పుడు భార్య, ఇద్దరు పిల్లలు, వెనక సీట్లో మోకాళ్ళు పట్టక ఇబ్బంది పడే అమ్మీ. కారు మార్చక తప్పదు.

అమ్మడం తేలికే. న్యాయంగా అమ్మడం, అమ్మిన తరువాత రాత్రి నిశ్చింతగా నిద్రపోవడం అంత తేలిక కాదు. ఇందులో డబ్బు ఉంది, చట్టం ఉంది, కొనేవాడి ప్రాణం ఉంది. వీటన్నిటికీ మించి మన ఈమాను ఉంది. ఒక ఇంటి ముచ్చటగా చెప్పుకుంటే ఈ సంగతులన్నీ సులువుగా అర్థమవుతాయి.

తండ్రీ కొడుకుల వాదన

జనగామలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారనుకుందాం. కొడుకు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగి. అతని కారు 2016 మోడలు, టర్బో పెట్రోలు ఇంజను. ఆ ఏడాది వేసవిలో కొన్నది కనుక నంబరు పాత వరంగల్ జిల్లా వారి టీఎస్-03. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడిన తరువాతే జనగామకు టీఎస్-27, మహబూబాబాద్‌కు టీఎస్-26, భూపాలపల్లికి టీఎస్-25 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అక్షరాలు వేస్తున్నారు. పాత నంబర్లు అలాగే చెల్లుతాయి.

కారు 92 వేల కిలోమీటర్లు తిరిగింది. చెల్లెలి నికాహ్ దగ్గర పడింది. అమ్మేద్దామనుకున్నారు. కొడుకు బండిని ఒక షెడ్డుకు తీసుకెళితే అక్కడివాడు చెవిలో ఓ మాట వేశాడు. "మీటరు వెనక్కి తిప్పుదాం అన్నా. అరవై వేలు చూపిస్తే ఇంకో నలభై, యాభై వేలు ఎక్కువ పలుకుతది. అందరూ చేసేదే."

కొడుకు ఇంటికొచ్చి తండ్రితో చెప్పాడు. పెళ్ళి ఖర్చులకు ఆ యాభై వేలు తక్కువ మొత్తం కాదు.

"చెల్లెలి పెళ్ళికి ఆ డబ్బుతో బిర్యానీ పెడదామా బేటా?" అన్నారు తండ్రి.

కొడుకు తల వంచుకున్నాడు. అయినా మనసు ఒప్పుకోలేదు. "సరే అబ్బా, మీటరు ముట్టను. అడిగింది చెప్తా. అడగనిది మనమెందుకు చెప్పాలి?"

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అబద్ధం ఆడకపోతే చాలనుకునేవారు మనలో ఎందరో. కొనేవాడు అడగలేదు కనుక చెప్పలేదంటే సరిపోతుందా?

తడిసిన ధాన్యం కుప్ప

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యం కుప్ప దగ్గర ఆగి లోపలికి చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడిగా ఉంది. వర్షానికి తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన భాగాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ సంఘటన చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఒక్క విషయం గమనించండి. ఆ వ్యాపారి అబద్ధం ఆడలేదు. అడిగిన వెంటనే నిజం చెప్పాడు. అతని తప్పు, లోపం కనిపించకుండా ఉంచడమే.

అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, ఉన్నది విప్పి చూపితే ఆ బేరంలో బర్కత్ ఉంటుందనీ, దాచిపెడితే బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందనీ మరో హదీసు తెలుపుతోంది. ఫిఖహ్ గ్రంథాల్లో దీనికి ప్రత్యేక అధ్యాయమే ఉంది. ముందునుంచీ ఉన్న లోపం తరువాత బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుంది. దాన్ని 'ఖియారె ఐబ్' అంటారు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బట్టల వ్యాపారి అని మనకు తెలుసు. ఒక వస్త్రంలో లోపం ఉందనీ, అది చెప్పి అమ్మమనీ భాగస్వామికి అప్పగించారట. అతను మరచిపోయి చెప్పకుండా అమ్మేశాడు. కొన్నవారెవరో తెలియలేదు. అప్పుడు ఇమామ్ గారు ఆ సొమ్మంతా దానం చేశారని జీవిత చరిత్రకారులు రాశారు. మరచిపోయిన దానికే అంత జాగ్రత్త పడితే, కావాలని దాచిన దానికి మనం ఏం జవాబు చెప్పగలం?

దేశ చట్టం చెప్పేదీ దీనికి దూరం కాదు. కొనేవాడు తన జాగ్రత్తలో తానుండాలన్న సూత్రం సరుకుల అమ్మకపు చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసమే అవుతుంది. మీటరు తిప్పినవాడిని ఆ సూత్రం కాపాడదు.

కాగితం మీద పెట్టిన లోపాలు

తండ్రి ఒక తెల్లకాగితం తీసి కొడుకు చేతికిచ్చారు. "నువ్వు కొనేవాడివైతే ఏమేం తెలుసుకోవాలనుకుంటావో రాయి" అన్నారు. కొడుకు రాశాడు.

ఒకటి, 2021లో డివైడరుకు తగిలి ముందు బంపరు, ఎడమ రెక్క మార్చి రంగు వేయించారు. రెండు, గేర్‌బాక్సు నెమ్మదిగా పోయేటప్పుడు కొద్దిగా వణుకుతుంది. మూడు, ఇంజను కంప్యూటరులో ప్రోగ్రాము మార్పించి బలం పెంచారు, సైలెన్సరు కూడా కంపెనీది కాదు. నాలుగు, ముందు టైర్లు రెండూ అరిగాయి.

ఇటువంటి బండి అమ్మేముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, మార్పులు తీసేయడం. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. పెద్ద శబ్దం చేసే సైలెన్సరుకు జరిమానా ఉంది. ప్రమాదం జరిగితే మార్పుల పేరుతో ఇన్సూరెన్సు వారు పేచీ పెట్టవచ్చు. కాబట్టి కంపెనీ సైలెన్సరు తిరిగి బిగించాలి, పాత ప్రోగ్రాము తిరిగి వేయించాలి. అయితే కొంతకాలం పెంచిన బలంతో నడిచిందన్న సంగతి మాత్రం చెప్పాలి. ఇంజను, గేర్‌బాక్సు మీద ఆ భారం పడింది గదా!

రెండవది, బిల్లులు ఒక ఫైలులో పెట్టడం. టర్బో అంటే ఇంజను నుంచి బయటికి పోయే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం. అది గాలిని బలంగా లోపలికి నెడుతుంది. విపరీతమైన వేడిలో, విపరీతమైన వేగంతో తిరుగుతుంది కనుక మంచి ఆయిలు వేళకు మార్చకపోతే మొదట దెబ్బతినేది అదే. అందుకే ఈ రకం కారు కొనే తెలివైనవాడు రంగు చూడడు, ఆయిలు మార్చిన బిల్లులు అడుగుతాడు. తక్కువ తిరిగి బిల్లులు లేని బండి కన్నా, ఎక్కువ తిరిగి బిల్లులున్న బండే నయం.

మూడవది, టైర్ల వయసు. టైరు పక్కన అచ్చువేసిన సంకేతంలో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం తెలుపుతాయి. '2319' అని ఉంటే 2019లో 23వ వారమన్నమాట. గాడులు లోతుగా ఉన్నా ముసలి టైరు వేగానికి పనికిరాదు. అమ్మేవాడికీ కొనేవాడికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

నాలుగవది, కడిగించి శుభ్రం చేయడం. ఇది తప్పు కాదు, మంచిదే. కానీ ఇంజను మీద మెరుపు ద్రవం కొట్టి ఆయిలు కారే చోటు కనిపించకుండా చేస్తే అది తడి ధాన్యం మీద పొడి ధాన్యం పోసినట్టే.

ధర కట్టడం ఎలా?

ఇన్సూరెన్సు వారు బండి విలువ కట్టే పద్ధతి ఒకటి ఉంది. కొత్తప్పటి ధర నుంచి ఏడాది దాటి రెండేళ్ళలోపు 20 శాతం, మూడేళ్ళలోపు 30, నాలుగేళ్ళలోపు 40, అయిదేళ్ళలోపు 50 శాతం తగ్గిస్తారు. అయిదేళ్ళు దాటితే లెక్క లేదు, ఇరుపక్షాల ఒప్పందమే. కాబట్టి పాత బండికి ఆ పట్టిక ఆధారం కాదు. అదే మోడలు, అదే సంవత్సరం బండ్లు హైదరాబాదులో, హనుమకొండలో ఎంతకు పలుకుతున్నాయో చూసి, కొన్నవాడికి వెంటనే పడే ఖర్చులు అందులోంచి తీసివేయడమే సరైన దారి.

ఇంకో మాట. పోలో మన దేశంలో 2022లో ఆగిపోయింది. ఫోర్డు వారు ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించారు. బాలెనో ఆర్ఎస్ 2020లో ఆగింది. ఆగిపోయిన మోడలు అంటే కొందరు భయపడతారు, కొందరు మోజుపడతారు. కొనేవాడు రెండో రకమైతే ధర పెరుగుతుంది గానీ, విడిభాగాల సంగతి అతనికి గుర్తు చేయడం మన ధర్మం.

ధర పెంచడానికి దొంగ కొనుగోలుదారును నిలబెట్టి, "ఆయన ఇంత ఇస్తానన్నాడు" అనిపించడం మన బజార్లలో మామూలే. దీన్ని 'నజష్' అంటారు. ప్రవక్త (స) నిషేధించిన పని ఇది.

తండ్రీ కొడుకులు నాలుగు లక్షల ఇరవై వేలు అనుకున్నారు.

ముగ్గురు వచ్చారు

మొదట వచ్చింది జనగామ వారే, పక్క వీధివారు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, వెంట వాళ్ళ అబ్బా. కుర్రాడి కళ్ళు మెరుస్తున్నాయి. లైసెన్సు వచ్చి రెండు నెలలు. మాస్టారు ఆ తండ్రిని పక్కకు పిలిచారు. "భాయ్‌సాబ్, అమ్ముకునేవాడిని, నేను అనకూడని మాట. ఈ బండికి నూరు గుర్రాలకు పైగా బలం ఉంది. ఎదురుగా జాతీయ రహదారి ఉంది. మీ వాడికి ఇది మొదటి కారు. నా కొడుక్కైతే నేను కొనియ్యను" అన్నారు. ఆ తండ్రి కొంతసేపు మౌనంగా ఉండి సలాం చేసి వెళ్ళిపోయారు. కుర్రాడు మాత్రం మాస్టారి వైపు చూడలేదు. చూడకపోతేనేం, పిల్లవాడు క్షేమంగా ఉంటే చాలు.

రెండవ ఆయన మానుకోట నుంచి వచ్చారు. మహబూబాబాద్‌ను మనవాళ్ళు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. మిర్చి వ్యాపారి. బండి నడిపి చూశారు, గేర్‌బాక్సు వణుకు తానే పట్టుకున్నారు. "చెప్పకముందే దొరికింది" అని నవ్వారు. "చెప్పడానికే కాగితం రాసి పెట్టాం" అని కొడుకు ఆ కాగితం చేతికిచ్చాడు. నాలుగు లక్షలకు బేరం కుదిరింది. పది వేలు బయానా ఇచ్చి, మిగతాదంతా వచ్చే జుమాకు నగదుగా తెస్తానన్నారు.

ఇక్కడ మనవారు ఆగి తెలుసుకోవలసింది ఒకటుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒకే లావాదేవీలో రెండు లక్షలు గానీ, అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే పుచ్చుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. ఆ జరిమానా ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి! విడతలుగా ఇచ్చినా ఒకే బేరం కిందే లెక్క. బ్యాంకు ద్వారా తీసుకోవడమే మేలు.

నాలుగు రోజుల తరువాత ఆయన ఫోను చేశారు. మిర్చి ధర పడిపోయింది, ఇప్పుడు కొనలేనన్నారు. బయానా ఊసెత్తలేదు, పోయినట్టే అనుకున్నారు. బజారు ఆనవాయితీ అదే గదా! కొడుకూ అదే అన్నాడు. తండ్రి మాత్రం ఆ సాయంత్రమే పది వేలు తిరిగి పంపించారు. బయానా మింగేయడం హనఫీ, మాలికీ, షాఫయీ పండితుల దృష్టిలో చెల్లదు. హంబలీ వారు అనుమతించారు. మన వైపు ఎక్కువమంది హనఫీలమే అయినా ఈ సంగతి తెలిసినవారు తక్కువ. నిజంగా నష్టం జరిగి ఉంటే అది వేరే మాట. నాలుగు రోజులు ఆగినందుకు పది వేలు తీసుకోవడానికి ఆయనకు మనసు రాలేదు.

మూడవ ఆయన భూపాలపల్లి నుంచి. సింగరేణి కార్మికుడు. వెంట మెకానిక్కును తెచ్చుకున్నారు. కాగితం రెండుసార్లు చదివారు. "గేర్‌బాక్సు బాగు చేయాలంటే ఎంతవుద్ది సార్?" అని అడిగారు. తెలిసిన షెడ్డువాడు చెప్పిన అంచనా, కంపెనీవారు చెప్పిన అంచనా రెండూ కొడుకు చూపించాడు. మాస్టారు ఇంకో మాట కలిపారు. "బండి కిందికి ఉంటుంది భాయ్. మీ వైపు బొగ్గు లారీల రోడ్లు, గుంతలు. పెద్ద సర్వీసంటే హనుమకొండ దాకా రావాలి." ఆయన ఆలోచించి, "పిల్లలు హనుమకొండల చదువుతున్నరు, వారం వారం పోతనే ఉంట" అన్నారు. మూడు లక్షల డెబ్బై అయిదు వేలకు ఒప్పందం కుదిరింది.

మీటరు తిప్పితే వచ్చేదానికీ దీనికీ మధ్య తేడా ఎంతో కొడుకు మనసులో లెక్క కట్టుకున్నాడు. పైకి అనలేదు.

ఫోనులో వచ్చే 'సైనికుడు'

నేరుగా అమ్మేవారికి ఈ రోజుల్లో ఇంకో బెడద ఉంది. బండి చూడకుండానే ఒకడు ఫోను చేస్తాడు. తాను సైన్యంలో ఉన్నానంటాడు, బేరం ఆడడు, అడిగినంతా ఇస్తానంటాడు. డబ్బు పంపిస్తున్నా, ఈ క్యూఆర్ కోడు మీద ఫోను పెట్టి పిన్ను కొట్టండి అంటాడు. కొట్టిన మరుక్షణం మన ఖాతా ఖాళీ! గుర్తుంచుకోండి. డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. పిన్ను అడిగారంటే డబ్బు పోతోందని అర్థం. ఈ మాట ఇంట్లో ఆడవారికీ, పెద్దవారికీ చెప్పి ఉంచండి.

నడిపి చూస్తామని వచ్చినవారి లైసెన్సు చూడండి, పక్కన మీరు కూర్చోండి. బండికి ఇన్సూరెన్సు అమలులో ఉండాలి. ఆర్సీ అసలు కాపీ డబ్బు ముట్టేదాకా చేయి దాటనివ్వకండి.

సంతకంతో అయిపోలేదు

డబ్బు ఖాతాలో పడింది, తాళాలు ఇచ్చారు, ముసాఫహా చేశారు. అయిపోయిందా? కాలేదు. మనవారిలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఒక కారు యజమాని తన బండిని 2007లోనే అమ్మేశానన్నాడు. ఆ బండి తరువాత మరికొందరి చేతులు మారింది. 2009లో దానితో ప్రమాదం జరిగింది. రవాణా శాఖ పుస్తకంలో మాత్రం మొదటివాడి పేరే ఉంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2018 ఫిబ్రవరిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రిజిస్ట్రేషనులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని అతడే, నష్టపరిహారం బాధ్యతా అతడిదే. అమ్మేశానన్న మాట బాధితుడి ముందు చెల్లదు. బలమైన ఇంజను గల కారు విషయంలో ఈ తీర్పు మరీ గుర్తుంచుకోవాలి.

మోటారు వాహనాల చట్టం ప్రకారం రాష్ట్రంలోపల అమ్మినవాడు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజుల్లోగా తన పేరున మార్పించుకోవాలి. ఇందుకు 29వ ఫారం, 30వ ఫారం ఉన్నాయి. ఖాళీ ఫారాల మీద సంతకం చేసి ఇవ్వవద్దు. కొన్నవాడి పేరు, చిరునామా, తేదీ నింపిన తరువాతే సంతకం చేయండి. ఖాళీ ఫారం బ్రోకరు చేతిలో పడితే ఆ బండి ఎన్ని చేతులు మారినా పేరు మీదే ఉంటుంది. వీలైతే కొన్నవాడితో కలిసి కార్యాలయానికి వెళ్ళి పని పూర్తి చేసుకోవడం అన్నిటికన్నా ఉత్తమం.

కారు మీద అప్పు తీరి ఉంటే ఫైనాన్సు వారి నుంచి ఎన్ఓసీ, 35వ ఫారం తెచ్చుకుని ఆర్సీలో వారి పేరు తీయించాలి. భూపాలపల్లి జిల్లాకు గోదావరి అవతల మహారాష్ట్ర. సిరోంచ వైపు వారు కొంటే 28వ ఫారం, అంటే మన రవాణా శాఖవారి ఎన్ఓసీ, తప్పదు.

వ్యాపారికి అమ్మేవారికి 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక వెసులుబాటు ఉంది. రవాణా శాఖ గుర్తింపు పొందిన డీలరుకు బండి అప్పగించి 29సి ఫారం ద్వారా తెలియజేస్తే అప్పటినుంచి బాధ్యత డీలరుదే. గుర్తింపు లేని బ్రోకరుకు ఇది వర్తించదు. పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ అని 2024 డిసెంబరులో వార్తలు వచ్చినప్పుడు చాలామంది కంగారుపడ్డారు. అది వ్యాపారం చేసేవారి లాభం మీద పన్ను. ఇంటి కారును ఒక మనిషి మరో మనిషికి అమ్ముకుంటే ఆ పన్ను లేదు.

ఇంకా కొన్ని చిన్న పనులు. పెండింగు చలానాలు కట్టేయండి. ఫాస్టాగు రద్దు చేయించండి, లేకపోతే అతను బీబీనగర్ దగ్గర టోలు దాటినప్పుడల్లా డబ్బు మీ ఖాతాలో తెగుతుంది. ఇన్సూరెన్సు 14 రోజుల్లోగా తన పేరున మార్పించుకోమని కొన్నవాడికి చెప్పండి. క్లెయిము చేయనందుకు వచ్చే బోనసు మాత్రం మీది, బండిది కాదు. అది అయిదేళ్ళలో 50 శాతం దాకా పెరుగుతుంది. కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుంటే మూడేళ్ళలోపు మీ కొత్త కారుకు వాడుకోవచ్చు. ఇది తెలియక వదులుకునేవారు ఎందరో.

కాగితం రాసుకోవడం అనుమానం కాదు. అప్పు లావాదేవీలు రాసుకొమ్మని, సాక్షుల్ని పెట్టుకొమ్మని చెప్పే అల్ బఖరా 282వ ఆయతే ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్దది. మాస్టారు గారి ఒప్పంద పత్రంలో ధర, తేదీతో పాటు బండి అప్పగించిన గంట, మీటరు అంకె, నాలుగు లోపాలు ఉన్నాయి. ఇద్దరు సాక్షులు సంతకం చేశారు.

అబ్బా పేరున ఉన్న కారు

చివరగా, మన ఇళ్ళలో తరచు జరిగే ఒక పొరపాటు. కారు తండ్రి పేరున ఉంటుంది. ఆయన కాలం చేస్తారు. పెద్ద కొడుకు దాన్ని వాడుకుంటూ, కొంతకాలానికి అమ్మేస్తాడు. చట్టం ప్రకారం మరణం సంగతి 30 రోజుల్లో రవాణా శాఖకు తెలిపి, మూడు నెలల్లోగా 31వ ఫారంతో పేరు మార్పించుకోవాలి. షరీఅత్ ప్రకారం ఆ కారు ఒక్క కొడుకుది కాదు. తల్లికి వాటా ఉంది, అక్కచెల్లెళ్ళకు వాటా ఉంది. వచ్చిన సొమ్ము పంచాలి. భూమి విషయంలో చెల్లెలి వాటా గురించి కాస్తో కూస్తో ఆలోచించేవారు కూడా కారు దగ్గరికి వచ్చేసరికి మరచిపోతారు. కారు చిన్నదైనా హక్కు చిన్నది కాదు.

ఆరు వారాల తరువాత

నికాహ్ జరిగిపోయింది. తగ్గిన డబ్బుకు తగ్గట్టు వంటకాలలో రెండు తగ్గించారు, ఎవరూ గమనించలేదు. ఒక సాయంత్రం కొడుకు ఫోను మోగింది. భూపాలపల్లి నంబరు. కొడుకు గుండె ఒక్క క్షణం ఆగింది.

"సలాం సార్. గేర్‌బాక్సు పనిచేయించే టైము వచ్చింది. మీరు చెప్పిన షెడ్డు హనుమకొండల ఎక్కడుంది? మెకానిక్కు నంబరు ఉంటే పంపియ్యుండ్రి."

అంతే. నిష్ఠూరం లేదు, పోట్లాట లేదు. తెలిసిన లోపం, తెలిసిన ఖర్చు. కొడుకు నంబరు పంపి, తానే ఆ మెకానిక్కుకు ఫోను చేసి, "మనవాళ్ళే, జాగ్రత్తగా చూడు" అని చెప్పాడు.

పక్క గదిలో కూర్చున్న తండ్రి "ఎవరు బేటా?" అని అడిగారు.

"కారు కొన్న భాయ్, అబ్బా. దుఆ చేయమన్నాడు."

పాఠకులారా! మీ ఇంటి ముందూ ఒక కారు అమ్మకానికి ఉండవచ్చు. కాగితం అద్దానికి అంటించే ముందు ఇంకో కాగితం తీసుకుని దాని లోపాలు రాయండి. వచ్చిన ప్రతివారి చేతికీ మొదట అదే ఇవ్వండి. ఒకరిద్దరు వెనుదిరిగి పోవచ్చు. మిగిలినవాడు మీ పేరు చెప్పి పదిమందిని పంపిస్తాడు, ఇన్షా అల్లాహ్.